మార్డి గ్రా హీల్స్: గ్లిట్టర్ రాలకుండా షూ అలంకరించడం ఎలా

"నువ్వు చేసిన షూ బాగానే ఉంటోంది, మేం చేస్తే మర్నాటికే సగం గ్లిట్టర్ నేలమీద ఉంటోంది, ఏం జిగురు వాడుతున్నావ్?" ఈ ప్రశ్న ఈ సీజన్లో నన్ను అడిగినవాళ్లు పదిమందికి తక్కువ లేరు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకని మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జరిగే మార్డి గ్రా పండగ ఊరేగింపుల్లో ఫ్లోట్ల మీద, అంటే అలంకరించిన బండ్ల మీద ఉన్న రైడర్లు జనానికి పూసల దండలు, కప్పులు, బొమ్మలు విసురుతారు. వాటిని త్రోలు అంటారు. ఊరేగింపులు నడిపే క్లబ్బుల్ని క్రూలు అంటారు, మ్యూజెస్ అని 2001 నుంచి ఊరేగుతున్న ఆడవాళ్ల క్రూ ఒకటుంది. వాళ్ల దగ్గర అందరూ ఎగబడేది చేత్తో అలంకరించిన హీల్స్ షూ కోసం. జత కాదు, ఒక్కటే. కాలికి వేసుకోవడానికి కాదు, ఇంట్లో షెల్ఫులో పెట్టుకోవడానికి. మా అమ్మకి ఫోన్లో చెబితే "పండగపూట చెప్పులు విసురుకుంటారా?" అంది. విసరరమ్మా, చేతికిస్తారు, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను ఫ్లోట్ ఎక్కను. మా వీధిలో ఉండే ఫ్రెండ్ ఎక్కుతుంది, ఆవిడ గ్యారేజీలో కూర్చుని నాలుగు సీజన్లుగా షూ చేస్తున్నాం. మొదటి సీజన్లో చేసినవాటిలో ముప్పాతిక వంతు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

షూ తయారైందో లేదో తేల్చడానికి మాకు ఒకటే పరీక్ష ఉంది. నల్ల కాటన్ టీషర్టుకేసి షూని గట్టిగా నాలుగుసార్లు రుద్దండి. టీషర్టు మీద రెండు మూడు మెరుపులు కనిపిస్తే పర్వాలేదు, ఆకాశంలో చుక్కల్లా కనిపిస్తే ఆ షూ ఇంకా కాలేదు. కింద రాసిన ప్రతి మెట్టూ ఈ పరీక్ష పాసవడానికే.

## 1. ముందు క్యాలెండర్ చూసుకోండి

మార్డి గ్రా ఈస్టర్‌కి 47 రోజుల ముందు వస్తుంది, కాబట్టి తేదీ ఏటా మారుతుంది. 2027లో ఫిబ్రవరి 9, 2028లో ఫిబ్రవరి 29. మ్యూజెస్ ఊరేగింపు మామూలుగా దాని ముందరి గురువారం రాత్రి. మీ లెక్క ఆ గురువారం నుంచి వెనక్కి వేసుకోండి.

ఒక షూకి చేతిపని గంటన్నర, రెండు గంటలే. కానీ ఆరబెట్టే సమయం కలిపితే నాలుగైదు రోజులు పడుతుంది. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఒక్కో షూ మొదలుపెట్టి పూర్తి చేయడం కాదు, ఆరేసి షూలు ఒక బ్యాచ్‌గా పెట్టుకుని, అన్నిటికీ ఒక మెట్టు అయ్యాకే రెండో మెట్టుకి వెళ్లండి. ఆరో షూ పూత అయ్యేసరికి మొదటిది ముట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

మేం సెప్టెంబర్లో షూలు ఏరడం మొదలుపెడతాం, అక్టోబర్, నవంబర్లలో గ్లిట్టర్ పని, జనవరిలో రాళ్లు, అక్షరాలు, సీల్. ఫిబ్రవరిలో గ్లిట్టర్ డబ్బా మూత తీశామంటే ఆలస్యమైపోయినట్టే.

ఇంకోటి, ఎన్ని షూలు, ఏ ఎత్తు, ఏం అంటించకూడదు అన్నవాటికి క్రూ నియమాలు ఉంటాయి, అవి ఏడాదికేడాది మారొచ్చు. మీరు ఎవరికోసం చేస్తున్నారో ఆ రైడర్‌ని ముందే అడగండి. నలభై షూలు చేశాక అడిగితే ఏడుపొస్తుంది.

## 2. ఎలాంటి షూ తీసుకోవాలి

కొత్తవి కొనొద్దు. సెకండ్ హ్యాండ్ దుకాణాలు, గ్యారేజ్ సేల్స్, స్నేహితుల అల్మారాలు చాలు. జతలో ఒకటి పోయినా మనకి బాధ లేదు, అది మరీ చవగ్గా వస్తుంది.

అన్నిటికన్నా సులువైంది ముందు మూసి ఉన్న మామూలు పంప్స్. నున్నటి లెదర్, రెక్సిన్ ఏదైనా సరే. హీల్ రెండు మూడు అంగుళాలుంటే నిలబడుతుంది, చూడటానికీ బాగుంటుంది. సైజు చిన్నదైతే గ్లిట్టర్ తక్కువ పడుతుంది, ప్యాకింగ్‌కీ సులువు.

వద్దనేవి ఇవి:

- స్వెడ్, వెల్వెట్. జిగురంతా తాగేస్తాయి. మూడు పూతలేసినా గ్లిట్టర్ కింద బొచ్చు తేలుతుంది.
- సన్న పట్టీల సాండల్స్. పట్టీ కదిలిన ప్రతిసారీ గ్లిట్టర్ పొట్టు లేస్తుంది.
- సూదిలాంటి హీల్. జనం గుంపులో అది ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుంది.
- ఏళ్ల తరబడి అల్మారాలో ఉండి పొరలు లేస్తున్న రెక్సిన్.

చివరిదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది కంటికి కనపడదు. షాపులోనే షూని మధ్యలో రెండుసార్లు వంచండి, వేలిగోరుతో అంచు దగ్గర గీకండి. పొరలాంటిది లేచినా, అడుగు రవ్వలా రాలినా అక్కడే పెట్టేసి రండి. చాలా రెక్సిన్ల పైపొర పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్, అది గాల్లో తేమకి కాలక్రమంలో దానంతటదే విరిగిపోతుంది. దానిమీద మీరెంత మంచి జిగురు రాసినా, జిగురు అంటేది ఊడిపోయే పొరకే కదా, పొరతోపాటు మీ రెండు గంటల పనీ ఊడొస్తుంది.

## 3. సామాను

అన్నీ ముందే బల్లమీద పెట్టుకోండి. జిగురు చేతులతో అల్మారా తెరిస్తే ఆ అల్మారా కూడా మార్డి గ్రా చేసుకుంటుంది.

- రబ్బింగ్ ఆల్కహాల్, పాత టీషర్టు గుడ్డలు
- 150, 220 నంబర్ల గరుకు కాగితం
- అక్రిలిక్ రంగులు, గ్లిట్టర్ రంగుకి దగ్గరగా ఉండేవి
- మాడ్ పాడ్జ్ లాంటి క్రాఫ్ట్ జిగురు, లేదా చిక్కటి తెల్ల జిగురు
- రాళ్లకి ఇ6000 లాంటి గట్టి జిగురు
- సన్న గ్లిట్టర్, కొంచెం ముతక గ్లిట్టర్
- అంగుళం వెడల్పు మెత్తటి కుంచె, సన్న కుంచె, గ్లిట్టర్ దులపడానికి పొడి కుంచె ఒకటి విడిగా
- పెయింటర్స్ టేపు
- అంచులున్న పెద్ద ట్రే, దాంట్లో పరచడానికి నున్నటి కాగితం
- వాటర్ బేస్డ్ క్లియర్ వార్నిష్, లేదా అక్రిలిక్ స్ప్రే
- మాస్క్, చేతి తొడుగులు, కళ్లద్దాలు

గ్లిట్టర్ ఎంత కావాలి? రెండు పూతలకి కలిపి మీడియం సైజు పంప్‌కి నా చేతికి 40 నుంచి 50 గ్రాములు పడుతోంది, రాలింది మళ్లీ వాడుకుంటేనే. పిల్లల పుస్తకాల దుకాణంలో దొరికే చిన్న డబ్బాలు కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పౌండు సంచుల్లో కొని నలుగురు పంచుకోండి.

కొత్త రంగు తెచ్చిన ప్రతిసారీ ఒక చిటికెడు గ్లిట్టర్‌ని మీరు చివర్లో వాడబోయే వార్నిష్ చుక్కలో కలిపి రాత్రంతా వదిలేయండి. చవక గ్లిట్టర్లలో కొన్ని రంగు వదులుతాయి, ముఖ్యంగా ఎరుపు, ఊదా. వార్నిష్ గులాబీరంగులోకి తిరిగితే ఆ సంచి ఇంట్లో పిల్లల కార్డులకి ఇచ్చేయండి.

## 4. శుభ్రం చేయడం, గరుకు పట్టడం, అడుగు రంగు

బోరు కొట్టే పని. కానీ నల్ల టీషర్టు పరీక్షలో తప్పినవాటిలో చాలావరకు ఇక్కడే తప్పాయి.

మొదట బకిల్స్, రిబ్బన్ ముడులు, ఊగే పట్టీలు కత్తిరించి పారేయండి. అడుగున ఉన్న ధర స్టిక్కర్ పీకి, జిడ్డు ఆల్కహాల్‌తో తుడవండి. షూ మొత్తం ఆల్కహాల్ గుడ్డతో రెండుసార్లు తుడవండి, ఎందుకంటే లెదర్ మీద పాలిష్, మైనం ఉంటాయి. చేతికి తెలియవు, జిగురుకి తెలుస్తాయి.

ఆరాక 150 కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. చిల్లు పడేలా కాదు, నిగనిగ పోయి మసకబారితే చాలు. పేటెంట్ లెదర్ అయితే ఇది తప్పనిసరి. దుమ్ము మళ్లీ తుడవండి.

ఇప్పుడు అడుగు రంగు. ఊదా గ్లిట్టర్ వేస్తుంటే కింద ఊదా అక్రిలిక్, బంగారు గ్లిట్టర్ కింద ఆవపిండి రంగు. కారణం చాలా సాదా. గ్లిట్టర్ ఎంత ఒత్తుగా చల్లినా సూదిమొనంత ఖాళీలు మిగులుతాయి. కింద నల్ల లెదర్ ఉంటే ఆ ఖాళీలు బూజు పట్టినట్టు కనిపిస్తాయి, అదే రంగు ఉంటే కళ్లు పట్టుకోవు. పలచగా రెండు పూతలు వేసి రాత్రంతా వదిలేయండి.

షూ లోపలి అట్ట మర్చిపోకండి. చేతికందగానే జనం మొదట చూసేది లోపలికే. అక్కడ ఎవరిదో పాత కాలిముద్ర ఉంటే ఎంత అందమైన షూ అయినా ముఖం ముడుచుకుంటుంది. మేమైతే ఫెల్ట్ ముక్క కత్తిరించి అంటిస్తాం. రంగు వేసినా సరే.

## 5. జిగురు, గ్లిట్టర్: అసలు పని

మెల్లగా చదవండి, ఈ భాగంలోనే నేను మొదటి సీజన్లో చేయగలిగిన తప్పులన్నీ చేశాను.

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, జిగురు రాసి పైన గ్లిట్టర్ చల్లడం. రెండు, గ్లిట్టర్‌ని జిగురులో కలిపి రంగులా పూయడం. మొదటిదాంట్లో మెరుపు బాగా వస్తుంది కానీ రాలుతుంది. రెండోది రాలదు కానీ ఎన్ని పూతలేసినా పలచగా, పాలు కలిపినట్టు ఉంటుంది. దీనికదే మంచిదని వాదించుకునేవాళ్లని చూశాను. మేం రెండూ చేస్తాం, వరసగా. మొదటి పూత కలిపిన జిగురుతో, రెండో పూత చల్లి.

మొదటి పూత. రెండు చెంచాల జిగురులో ఒక చెంచా సన్న గ్లిట్టర్ కలపండి, నీళ్లు పోయొద్దు. దోసెపిండి జారుడు కన్నా కాస్త గట్టిగా ఉండాలి. షూ మొత్తం ఒకే దిశలో పూసి కనీసం మూడు గంటలు ఆరనివ్వండి. ఆరాక ముట్టుకుంటే ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. ఆ గరుకే రెండో పూతకి పట్టు.

రెండో పూత. ఎడమచేతి రెండు వేళ్లు షూ లోపలికి పెట్టి తోలుబొమ్మలా పట్టుకోండి. ఈ వరస పాటించండి:

1. హీల్
2. మడమ వెనక భాగం
3. లోపలి పక్క
4. బయటి పక్క
5. ముక్కు
6. పైఅంచు, సన్న కుంచెతో

ఒకేసారి షూ అంతా జిగురు రాయొద్దు. ఇదే అందరూ చేసే పెద్ద తప్పు. క్రాఫ్ట్ జిగురు అయిదారు నిమిషాల్లో పైన పొరకట్టడం మొదలుపెడుతుంది, మీరు ముక్కు దగ్గరికి వచ్చేసరికి హీల్ మీది జిగురు చూడటానికి తడిగానే ఉంటుంది కానీ పైన మీగడ కట్టి ఉంటుంది. దానిమీద చల్లిన గ్లిట్టర్ మీగడ మీద కూర్చుంటుంది తప్ప లోపలికి దిగదు, ఆరాక గాలికే పోతుంది. అరచేయంత భాగం రాయండి, వెంటనే చల్లండి, తర్వాత పక్క భాగానికి వెళ్లండి.

చల్లేటప్పుడు చిటికెలతో కాదు. ఉప్పుడబ్బాలాంటి చిల్లుల డబ్బాలోంచి, ఆరు అంగుళాల పైనుంచి, జిగురు కనపడకుండా కప్పేసేంత ఎక్కువగా పోయండి. పది సెకన్లు ఆగండి. ఇప్పుడు శుభ్రమైన, పొడిగా ఉన్న వేలికి బేకింగ్ పేపర్ చుట్టి గ్లిట్టర్‌ని లోపలికి మెత్తగా అదమండి. రుద్దకూడదు, అదమాలి, చపాతీ కాలేటప్పుడు గుడ్డతో ఒత్తుతామే అలా. నా షూల్లో రాలడం సగానికి సగం తగ్గింది ఈ ఒక్క అలవాటుతోనే, ఎవరూ నేర్పలేదు, పొరపాటున ఒకసారి చెయ్యి తగిలి తెలిసింది.

తర్వాత షూ తిరగేసి అడుగుమీద రెండుసార్లు తట్టండి. ట్రేలో రాలింది కాగితం మడిచి డబ్బాలోకి తిరిగి పోసేయండి.

రెండు భాగాలు కలిసేచోట గీతలా కనిపిస్తుంది, దానికి కిటుకు ఉంది. కొత్త జిగురుని పాత గ్లిట్టర్ మీదికి చిటికెనవేలి వెడల్పున ఎక్కించి, అక్కడ కుంచె పొడిగా లాగండి. కలిసే గీత ఎప్పుడూ షూ లోపలి పక్క, పాదం వంపు దగ్గర వచ్చేలా చూసుకోండి. అటువైపు ఎవరూ చూడరు.

ఇక 24 గంటలు ముట్టుకోవద్దు. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రైయర్ వద్దు. పైన గబగబా ఆరి లోపల తడి ఉండిపోతే వారం తర్వాత కూడా జిడ్డుగా అంటుకుంటూనే ఉంటుంది. ఫ్యాన్ దూరంగా పెడితే చాలు.

మర్నాడు పొడి కుంచెతో దులపండి. బోసిగా ఉన్నచోట్ల జిగురు చుక్క పెట్టి చల్లండి. షూ వంగేచోట, అంటే వేళ్ల కీలు దగ్గర, ఒకసారి సరిచూసుకోండి, ఎప్పుడూ అక్కడే ముందు పగులుతుంది. లోపల న్యూస్‌పేపర్ ఉండలు గట్టిగా కుక్కేస్తే షూ ఇక వంగదు. వేసుకునే షూ కాదు కాబట్టి ఆ కాగితం అలాగే వదిలేసి పైన ఫెల్ట్ అంటించినా తప్పులేదు.

## 6. సీల్ చేయడం

ఇది మానేసినవాళ్లే నాకు ఎక్కువగా మెసేజ్ చేస్తారు.

కుంచెతో పూసే వార్నిష్ అయితే పలచగా రెండు పూతలు, మధ్యలో కనీసం రెండు గంటలు. కుంచెని ముందుకీ వెనక్కీ ఆడించొద్దు, గ్లిట్టర్ లేస్తుంది. ఒక్కసారి లాగి వదిలేయండి. తెల్లగా కనిపిస్తే కంగారొద్దు, ఆరాక గాజులా అవుతుంది.

స్ప్రే అయితే బయట, మాస్క్ వేసుకుని, అడుగు దూరం నుంచి, మూడు నాలుగు పలుచటి పూతలు. ఇక్కడ వాతావరణం మన విశాఖ కన్నా తక్కువేం కాదు, గాలిలో తేమ ఎప్పుడూ చెమట పట్టిస్తుంది. తేమ ఎక్కువున్న రోజు స్ప్రే కొడితే క్లియర్ పూత పాలపొరలా తెల్లబడుతుంది. ఒక డిసెంబర్ పొగమంచు ఉదయం తొందరపడి ఏడు షూలకి కొట్టాను, ఏడూ బూడిద పూసుకున్నట్టు తయారయ్యాయి. అప్పట్నుంచి ఫోన్లో తేమ 60 శాతం దాటితే డబ్బా ముట్టుకోను. శీతాకాలంలో ఉత్తరం గాలి వీచి వాన వెలిసిన మర్నాడు ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటుంది చూడండి, ఆ రోజే స్ప్రే రోజు.

సీల్ ఆరాక నల్ల టీషర్టు పరీక్ష. ఫెయిలైతే ఇంకో పూత.

## 7. డిజైన్, అక్షరాలు, రాళ్లు

డిజైన్ ముందే కాగితం మీద వేసుకోండి. పగలు బల్లమీద కాదు, రాత్రి వీధిదీపాల వెలుగులో పది అడుగుల దూరం నుంచి ఏం కనిపిస్తుందన్నదే లెక్క. రెండు మూడు పెద్ద రంగులు, ఒక స్పష్టమైన బొమ్మ, అంతే. ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు మార్డి గ్రా రంగులు కాబట్టి ఎప్పుడూ చెల్లుతాయి.

రంగుల మధ్య తిన్నని గీత కావాలంటే మొదటి రంగు పూర్తిగా ఆరి, సీల్ అయ్యాక టేపు అంటించండి. టేపు అంచుమీద ముందు క్లియర్ జిగురు పలచగా రాయండి, అప్పుడు రెండో రంగు కిందికి దూరదు. రెండో రంగు చల్లిన వెంటనే, జిగురు తడిగా ఉండగానే టేపు పీకేయాలి. ఆరాక పీకితే అంచు చిరిగిన పరోటాలా వస్తుంది.

అక్షరాలకి సన్నమూతి జిగురు సీసా. క్రూ పేరు, సంవత్సరం రాయడం మర్చిపోకండి, దాచుకునేవాళ్లకి సంవత్సరమే ముఖ్యం. ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఒక్కో అక్షరానికీ జిగురు రాసి అప్పటికప్పుడే చల్లండి.

రాళ్లు, కుందన్లు, అద్దాలు అంటించడానికి గ్లూ గన్ తీసుకునేరు, వద్దు. నున్నటి సీల్ మీద వేడి జిగురు పట్టదు, కారు డిక్కీలో కాస్త వేడెక్కితే మెత్తబడుతుంది. మా మొదటి బ్యాచ్ పెట్టె తెరిస్తే అడుగున రాళ్ల కుప్ప, పైన మొటిమల మచ్చల్లాంటి షూలు. ఇ6000 లాంటి జిగురు శనగగింజంత పెట్టి, రాయి నొక్కితే చుట్టూ సన్నగా అంచు కనిపించాలి. పూర్తిగా గట్టిపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు. వాసన ఘాటు, తలుపులు తెరిచి, తొడుగులు వేసుకుని వాడండి. పక్కవాలులో రాయి జారుతుంటే టేపు ముక్కతో రాత్రంతా పట్టి ఉంచండి.

మన దగ్గరి సామాను ఇక్కడ బాగా పనికొస్తుంది. చినిగిన పట్టుచీర జరీ అంచు పైఅంచు చుట్టూ అంటిస్తే తిరిగి చూడక్కర్లేదు. బ్లౌజులకి వాడే లేసులు, కుచ్చులు, చమ్కీల పట్టీలు ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటాను, బేగం బజార్లో ఇవన్నీ కిలోల లెక్కన దొరుకుతాయి. కిందటేడు తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు తెలుపు వరసలతో బతుకమ్మ లాంటి షూ ఒకటి చేస్తే మా ఫ్రెండ్ దాన్ని ఇవ్వడానికి మనసొప్పక సతమతమైంది.

ఒక్కటి మాత్రం నేను చేయను. దేవుడి బొమ్మలు, ఓంకారం, మన తెలుగు అక్షరమాల షూ మీద పెట్టను. మ్యూజెస్ అంటే గ్రీకువాళ్ల కళల దేవతలు కదా, మన సరస్వతిని వేయమని ఒకావిడ ముచ్చటగా అడిగింది. కాలికి పుస్తకం తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం, కుదరదని చెప్పి నెమలి వేసిచ్చాను.

## 8. ఏమైందో చూసి సరిచేసుకోవడం

- పొడిలా రాలుతోంది: జిగురు పొరకట్టాక చల్లారు. పొడి కుంచెతో దులిపి, పలచటి జిగురు పూత పైనే వేసి, ఆరాక సీల్ చేయండి.
- అట్టలు అట్టలుగా లేస్తోంది: కింద మైనమో, మెరుపో మిగిలింది. అతుకులేసి లాభం లేదు, గీకేసి నాలుగో మెట్టు నుంచి మళ్లీ.
- వారమైనా జిడ్డుగా ఉంది: మందంగా పూశారు. ఫ్యాన్ కింద మరో మూడు రోజులు. అప్పటికీ తగ్గకపోతే పైన పలచటి వార్నిష్.
- స్ప్రే తెల్లబడింది: పొడిగా ఉన్న రోజున ఇంకో పలచటి పూత కొడితే చాలాసార్లు తేటబడుతుంది. నా ఏడింటిలో అయిదు బతికాయి.
- గడ్డలు కట్టింది: ఆరాక 220 కాగితంతో మెత్తగా రుద్ది, ఆ మేరకి మళ్లీ చల్లండి.
- రాయి ఊడింది: ఆ చోట గ్లిట్టర్ గీకి, షూ ఒంటికే రాయి అంటేలా జిగురు పెట్టండి. గ్లిట్టర్ మీద అంటించిన బరువైన రాయి గ్లిట్టర్‌నే పీక్కొస్తుంది.

## 9. శుభ్రం చేసేటప్పుడు సింకు జోలికి పోవద్దు

కుంచెలు, ట్రేలు ముందు తడి పేపర్ టవల్‌తో తుడిచి ఆ పేపర్ చెత్తబుట్టలో వేయండి. మిగిలిన గ్లిట్టర్ టేపుతో, బట్టలకి వాడే లింట్ రోలర్‌తో ఎత్తండి. మామూలు గ్లిట్టర్ అంటే సన్నగా తరిగిన ప్లాస్టిక్. ఈ ఊరికి కాలవలు మూసుకుపోవడం అంటే ఏంటో తెలుసు. సెయింట్ చార్లెస్ అవెన్యూలో అయిదు బ్లాకుల మేర కాలవల్లోంచే సుమారు 93,000 పౌండ్ల పూసలు తీశామని 2018లో నగర అధికారులు చెప్పారు. సెల్యులోజ్‌తో చేసిన గ్లిట్టర్ దొరుకుతోంది, ధర ఎక్కువ, నీళ్లు కలిసిన జిగురులో కొన్ని మెత్తబడతాయి కాబట్టి ముందు చిన్న ముక్కమీద చూసుకోండి.

## 10. ప్యాకింగ్, చేతికివ్వడం

సీల్ పూర్తయ్యాక కనీసం వారం గాలికి వదిలి అప్పుడు ప్యాక్ చేయండి. తొందరపడి ప్లాస్టిక్ సంచిలో పెడితే సంచి షూకి అతుక్కుంటుంది, పీకితే సంచికి గ్లిట్టర్ వస్తుంది.

- ఒక్కో షూ విడిగా పారదర్శకమైన సంచిలో. లోపలేముందో రైడర్‌కి కనిపించాలి, వానొచ్చినా తడవకూడదు.
- హీల్‌కి మెత్తటి కాగితం చుట్టాలి.
- పెట్టెలో నిలువుగా, ముక్కు కిందికి, రెండు వరసలకి మించకుండా.
- పెట్టెమీద ఎన్ని ఉన్నాయో పెద్దక్షరాల్లో. రాత్రి మాస్క్ వేసుకుని, కదిలే ఫ్లోట్ మీద లెక్కపెట్టడం కుదరదు.
- తెలిసినవాళ్లకని పక్కన పెట్టినవాటిమీద వాళ్ల పేరు, వాళ్లు నిలబడే వీధి మూల, రోడ్డుకి ఏ పక్కో. ఫ్లోట్ మీద రెండు పక్కలా రైడర్లుంటారు, మీ రైడర్ ఉన్న పక్కన నిలబడకపోతే ఆ షూ మీది కాదు.

ఇక ఇవ్వడం. షూ విసరరు. హీల్ తగిలితే తల పగులుతుంది. ఇదే ఊళ్లో జులు క్రూ రంగులేసిన కొబ్బరికాయలు పంచుతుంది, వాటితో దెబ్బలు తగిలి కేసులై, విసరకుండా చేతికిచ్చే కాయలకి కేసుల నుంచి రక్షణగా చివరికి 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది. షూ కూడా అంతే, చేతిలోంచి చేతిలోకి. రైడర్ ముందు ఒకరిని వేలితో చూపిస్తుంది, వాళ్లు "నేనా?" అని గుండెమీద చెయ్యి పెట్టుకుంటారు, అవునని తల ఊపాక దగ్గరికి వస్తారు, అప్పుడు వంగి అందిస్తుంది. ఫ్లోట్ కదులుతుంటే వద్దు, ఆగినప్పుడే. పిల్లాడు తండ్రి భుజాలమీద ఉంటే తండ్రి చేతికే.

అందుకే హీల్ పక్క గ్లిట్టర్‌కి ఇంకో పూత సీల్ ఎక్కువ వేయమంటాను. రైడర్ ముక్కు దగ్గర పట్టుకుని అందిస్తుంది, కిందున్నవాళ్లు అందుకునేది హీల్ పట్టుకునే, అదీ ఎవరైనా లాక్కుంటారేమోనని గట్టిగా పట్టుకుంటారు.